జబ్బ ఎముక చెప్పిన మాట

గ్రీసు దేశంలో, ఆర్కాడియా కొండల మీద ఒక ఊరు. ఆదివారం మధ్యాహ్నం. పెరట్లో ద్రాక్ష పందిరి కింద విందు జరుగుతోంది. ఇంటాయన థిమియోస్ అతిథుల్ని వదిలేసి వంటింట్లోకి వచ్చాడు. ఆ ఊళ్ళో అది మర్యాద కాదు. ఆ సంగతి అతనికీ తెలుసు, పొయ్యి దగ్గరున్న అతని భార్య స్తమాతకీ తెలుసు.

"నువ్వెందుకొచ్చావిక్కడికి? అతిథిని వదిలేసి ఆడంగిలా వంటింట్లో దూరతావా?"

"నీళ్ళకొచ్చా."

"కూజా అక్కడే ఉంది. నేనే పెట్టా."

"చన్నీళ్ళు కావాలంటున్నాడు."

"ఎవరు, ఆ డెన్మార్కాయనా? పొద్దున్నుంచీ వైను తప్ప నీళ్ళ మొహం చూళ్ళేదు ఆయన. ఇటు చూడు. నాకేసి చూడు. మా బాబాయి ఆ గొర్రె ఎముకలో ఏం చూశాడు?"

"ఏమో. నాకేం తెలుసు."

"పక్కనే కూచున్నావు."

"కూచుంటే? నాకు ఎముక చదవడం వచ్చా? జబ్బ ఎముక మీద మాంసమంతా చేత్తో ఒలిచాడు, ఎండకెదురుగా పట్టుకున్నాడు, ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. వెలుతురు సరిగా లేదన్నాడు."

"ఆగస్టు ఎండలో వెలుతురు లేదా?"

"ముసలాయన. కళ్ళు మసకలు."

"ఎదుటి కొండ మీద ఉన్నది మేకో గొర్రో ఇక్కణ్ణుంచి చెప్తాడు మా లియాస్ బాబాయి. కళ్ళ సంగతి నాకు చెప్పకు. నేను రొట్టెలు పెడుతూ ఆయన భుజం మీంచి చూశా. ఎముక మధ్యలో గుంట. నల్లగా, గోరంత."

"ఉడికినప్పుడు పడుంటుంది."

"మా నాన్న చనిపోయిన ఏడాది ఈస్టరు గొర్రె ఎముకలోనూ అలాంటి గుంటే పడింది. అప్పుడూ బాబాయే చూశాడు. ఇలాగే రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. గుంటంటే గొయ్యి, థిమియో. ఆ ఇంట్లోవాళ్ళకి."

"పాతకాలం మాటలు."

"పాతకాలం మాటలైతే ఆ పరదేశి అడగ్గానే ఎముక తెచ్చి ఎందుకిచ్చావు? ఈ ఇంట్లో ఎవరున్నారు? నువ్వు, నేను, వాసో. మనిద్దరం గుండ్రాళ్ళలా ఉన్నాం. కూతురెక్కడుంది? త్రిపోలిలో, ఆసుపత్రి మంచం మీద. రేపు పొద్దున పొట్టకోసి బిడ్డని తీస్తారు."

"డాక్టరు చెప్పాడు కదా, అదేం పెద్ద..."

"ఫోనేది?"

"ఎందుకు?"

"వాసోకి చేస్తా. రేపు వద్దని చెప్తా. ఒప్పుకోవద్దని, సంతకం పెట్టొద్దని, ఇంటికొచ్చెయ్యమని చెప్తా."

"నీకు మతిపోయిందా? బిడ్డ అడ్డం తిరిగుందన్నారు. కొయ్యకపోతే తల్లీ బిడ్డా ఇద్దరికీ..."

"కోస్తే ఆ గొయ్యి ఎవరిది? నువ్వు చెప్పు. చెప్పవేం?"

"స్తమాతా, నువ్వు ఫోన్ చెయ్యొద్దు."

"నీ చేతిలో ఉందే, అదిగో. ఇటివ్వు."

"ఇవ్వను."

"ఇవ్వవా? కూతురి ప్రాణం మీదికొస్తే ఫోనివ్వవా? ఏదో దాస్తున్నావు నువ్వు. ఎముక తియ్యగానే నీ మొహం చూశా. తేలు కుట్టిన దొంగలా ఉంది."

"బయట ఆ డెన్మార్కాయన ఏమన్నాడో విన్నావా?"

"మాట మార్చకు."

"మార్చట్లేదు. విన్నావా లేదా?"

"నేను పొయ్యి దగ్గరుంటే ఎలా వింటా?"

"ఆర్కాడియా అంటే అర్థం చెప్పమన్నాడు. పుస్తకం తీసి, పెన్సిలు పట్టుకుని, నా నోట్లోంచి ముత్యాలు రాలతాయన్నట్టు కూచున్నాడు. అర్థమేముంది, మా జిల్లా పేరు, బస్సుల మీద రాసుంటుంది అన్నా."

"బానే చెప్పావు."

"నవ్వాడు. వాళ్ళ దేశంలో అది జిల్లా పేరు కాదట. చల్లని బతుక్కి పేరట. నాలుగు గొర్రెలు, సెలయేరు, పిల్లనగోవి. తలుపుకి గొళ్ళెం ఉండదట. ఒకడిది ఇంకొకడు ముట్టడట. సిగ్గుపడే పని అక్కడ ఎవడూ చెయ్యడట. ముత్తాతల కాలం నుంచీ వాళ్ళకి ఆ మాటంటే అదేనట. నా చెయ్యి పట్టుకున్నాడు, స్తమాతా. ఇన్నాళ్ళూ పుస్తకాల్లో చదివాను, ఇవాళ మీ బల్ల దగ్గర కూచుని కళ్ళారా చూశానన్నాడు. నా గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది."

"పొగిడితే గొంతులో వెలక్కాయ ఎందుకు పడుతుంది? చెవులెందుకలా ఎర్రబడ్డాయి? ఏం చేశావు నువ్వు?"

"ఆ గుంట మనింటిది కాదు."

"అంటే?"

"ఆ గొర్రె మనది కాదు."

"మనది కాకపోవడమేంటి? చుక్కదాన్ని ఈ విందు కోసమేగా ఉంచాం. తల్లి తన్నేస్తే సీసాతో పాలు పట్టి పెంచా దాన్ని. కళ్ళముందు కొయ్యొద్దంటే నేను త్రిపోలి వెళ్ళినప్పుడు కోశానన్నావు. నిన్న నేనొచ్చేసరికి ఒలిచి ముక్కలు చేసి పెట్టావు."

"చుక్కది గురువారమే పోయింది."

"పోవడమంటే?"

"నక్కలు."

"మూర్గో ఏం చేస్తోంది? ఆ కుక్క ఉండగా దొడ్డిలోకి నక్కా?"

"కట్టేశా."

"కుక్కని కట్టేశావా?"

"మన అతిథికి భయమంట. అది పళ్ళు చూపిస్తే ఒణికిపోయాడు పాపం. అప్పుడేమో పొద్దు వాలుతోంది. ఈ వెలుగు మళ్ళీ దొరకదని నన్ను తీసుకెళ్ళి పై బండ మీద కూచోబెట్టాడు. పిల్లనగోవి ఊదమన్నాడు."

"నీకు పిల్లనగోవి వచ్చా?"

"రాదు. రాదనే చెప్పా. ఊదినట్టు పెట్టుకోమన్నాడు. పిల్లనగోవి కూడా ఆయనదే, సంచిలో తెచ్చుకున్నాడు. గడ్డం ఇటు, కళ్ళు అటు అంటూ ఫొటోలు తీశాడు. నేను పెళ్ళికొడుకులా కూచున్నా. కిందినుంచి మూర్గో గొలుసు తెగేలా అరుస్తోంది. ఆహా, ఈ కొండల్లో కుక్క అరుపు కూడా ఎంత హాయిగా ఉందో అన్నాడాయన. దిగొచ్చేసరికి దొడ్డి దగ్గర ఇంత ఉన్ని తప్ప ఏమీ లేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? ఫొటోకి బుగ్గలు ఉబ్బించుకు కూచుంటే నక్క ఎత్తుకుపోయిందనా? నువ్వు ఆసుపత్రిలో కూతురి పక్కన కూచునుంటే ఫోన్ చేసి ఇదా చెప్పేది?"

"ఉండు. ఉండు. అంటే వాసోకేం భయం లేదా?"

"లేదు."

"ప్రమాణం చెయ్యి."

"వాసో మీద ప్రమాణం. ఆ గొర్రె మన దొడ్లో పుట్టలేదు, మన దొడ్లో పెరగలేదు. పెంచినవాళ్ళింటి సంగతే కదా ఎముక చెప్పేది."

"తల్లీ, మరియమ్మ తల్లీ. పాపిష్టోడా, ఈ మాట ముందే చెప్తే నీ సొమ్మేం పోయింది? ఆ స్టూలు ఇటు జరుపు."

"కూచో. నీళ్ళు తాగు."

"రేపు పొద్దున్నే వెళ్తా దాని దగ్గరికి. మొదటి బస్సుకే. కొయ్యమను, ఎంతయినా కొయ్యమను, బిడ్డ దక్కితే చాలు. అబ్బా. సరే. కొన్నావన్నమాట. మాంథో కొట్లోనా?"

"మాంథో కొట్లో ఎలా కొంటా? గొర్రెల కాపరి మాంసం కొట్టుకెళ్ళాడంటే ఇంకేమైనా ఉందా? మాంథో నోరు నీకు తెలీదా, తక్కెడ దించకముందే కాఫీ కొట్లో అందరికీ తెలిసిపోతుంది. మా తాత గానీ మా నాన్న గానీ ఆ గడప తొక్కలేదు. పైగా ఈ డెన్మార్కాయన ముందే అడిగాడు, ఎముక చూడాలంటే ఇంట్లో పెరిగిన జీవమే కావాలట కదా అని. మాది ఇంట్లో పెరిగిందేనని గుండె మీద చెయ్యేసుకుని చెప్పా."

"అబద్ధాలకి నీ గుండె బాగా పనికొస్తోంది. మరి ఎక్కడ కొన్నావు?"

"ఎక్కడో. వదిలెయ్."

"ఎక్కడోనంటే? ఎవరో ఒకరి మందే కదా. ఆ ఇంట్లో ఎవరో పోబోతున్నారు. ఎవరిదో తెలిస్తే కనీసం కొవ్వొత్తి వెలిగిస్తా."

"అవతలి ఊరివాళ్ళది."

"ఏ ఊరు?"

"అవతలి ఊరు."

"ఎంతకిచ్చారు?"

"స్తమాతా, వాళ్ళకి రొట్టె అయిపోయినట్టుంది."

"కొనలేదు కదా."

"జున్ను కూడా పెట్టాలి."

"థిమియో. కొనలేదు కదా నువ్వు."

"నీళ్ళ తొట్టి దగ్గర మందలు కలిశాయి. మనవాటితో పాటు ఒకటి వచ్చేసింది. నేను పిలవలేదు. దానంతటదే వచ్చింది."

"వస్తే తోలెయ్యాలి. చిన్నపిల్లలకి కూడా తెలుసు."

"తోలేద్దామనే అనుకున్నా. శుక్రవారమంతా అదే అనుకుంటూ తిరిగా. సాయంత్రం ఆ డెన్మార్కాయనొచ్చి, ఆదివారం విందుకి ఇంకెవరెవర్ని పిలిచావని అడిగాడు. శనివారం పొద్దున లేచేసరికి కత్తి చేతిలో ఉంది."

"కత్తికి కాళ్ళొచ్చి చేతిలోకెక్కిందా? చెవి గుర్తు చూడలేదా?"

"చూశా."

"చూసి కూడా?"

"చూసే. అవతలి ఊళ్ళో ఎవడిదో అయితే బావుణ్ణని రెండు చెవులూ పట్టుకుని మళ్ళీ మళ్ళీ చూశా."

"ఏం గుర్తు?"

"వద్దే."

"ఏం గుర్తో చెప్పు."

"కుడి చెవి కొస కోసుంది. ఎడమ చెవి చీల్చుంది."

"అది మా నాన్న గుర్తు."

"అవును."

"మా నాన్న పోయాక ఈ కొండ మీద ఆ గుర్తు వేసేది ఒక్కరే."

"అవును."

"లియాస్ బాబాయి."

"మెల్లగా. వినపడుతుంది."

"బాబాయి గొర్రెని కోసి, బాబాయినే విందుకి పిలిచావా?"

"పిలవకపోతే ఎముక ఎవరు చదువుతారు? ఈ పరదేశి వచ్చిందే దానికోసం. పెద్దాయన్ని పిలవకుండా విందేంటని ఊళ్ళో అనరా?"

"నేను వడ్డించా. నా చేత్తో వడ్డించా. పెద్దాయన పళ్ళకి మెత్తగా ఉండాలని ఏరి ఏరి పెట్టా. ఆయన చెయ్యెత్తి దీవించాడు నన్ను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళ గురించి విన్నా గానీ, ఆ వాసం పీకి పొయ్యిలో పెట్టి ఆ ఇంటాయనకే వండి పెట్టినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా."

"అను. ఏం అన్నా పడతా."

"నాన్న పోయాక నా పెళ్ళిలో నా చెయ్యి పట్టుకుని గుడిదాకా నడిపించింది ఎవరు? నీ మందకి మొదటి పొట్టేల్ని ఇచ్చింది ఎవరు?"

"తెలుసు."

"తెలిసి కూడా."

"మా తాత తేలేదా? కొండల్లో గొర్రె తేవడం కొత్తా? పెద్దాళ్ళందరూ..."

"మీ తాత ఏరు దాటి, ఎదురుగా తుపాకులున్నవాళ్ళ మందల్లోంచి తెచ్చాడు. పట్టుబడి జైలుకెళ్ళాడు, తలెత్తుకుని తిరిగొచ్చాడు. ఆయన మీద పాట కట్టారు. సొంత మామది కోసి ఆయన పళ్ళెంలోనే పెట్టినవాడి మీద ఏం పాట కడతారు? ఆ పరదేశిని కట్టమను, పుస్తకముందిగా."

"తల కొట్టేసినట్టుంది నాకు. ఎటన్నా పోవాలనుంది."

"ఎటు పోతావు? ఆర్కాడియాలోనే ఉన్నావుగా. ఇంతకంటే మంచి చోటు లోకంలో లేదని అక్కడాయన రాసుకుంటున్నాడు."

"నవ్వకు, స్తమాతా."

"నవ్వట్లేదు. నవ్వుతున్నట్టున్నానా? థిమియో, ఆ గుంట."

"ఊఁ."

"ఆ గుంట ఆయనదే."

"ఊఁ."

"పిన్ని పోయింది. పిల్లల్లేరు. ఆ ఇంట్లో ఆయనొక్కడే. ఇంకెవరికని పడుతుంది?"

"అందుకే లేచొచ్చేశా. ఆయన పక్కన కూచోలేకపోయా. ఎముక చూసి, కాసేపు కళ్ళు మూసుకుని, నా గ్లాసులో వైను పోశాడు. నా భుజం తట్టాడు. మనింటి కీడనుకున్నాడు. నన్ను ఓదారుస్తున్నాడు. తన చావు తన జేబులో పెట్టుకుని నన్ను ఓదారుస్తున్నాడు."

"తెలీదంటావా ఆయనకి?"

"ఎలా తెలుస్తుంది? తల పాతేశా. తోలు పాతేశా. మంద పెద్దది, ఒకటి తగ్గితే వెంటనే తెలీదు."

"ఇప్పుడు ఆయనకేం చెప్తావు?"

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే మన వాసో కోసం ఏడుస్తూ కూచుంటాడు. ఇంటికెళ్ళి దేవుడి పటం ముందు మోకాళ్ళ మీద కూచుంటాడు, నాకు తెలుసు. దాని ప్రాణం కోసం మొక్కుకుంటాడు. ఆ మొక్కు కూడా దొంగిలిస్తావా?"

"చెప్తే? నీ గొర్రెని నేనే కోశాననాలి. ఆ తర్వాత, అందుకని ఆ గొయ్యి కూడా నీదేననాలి. రెండూ ఒకే నోటితో అనాలి."

"నువ్వే చేశావు, నువ్వే అను."

"అంటా."

"ఆ పరదేశి వెళ్ళాక."

"కాదు. ఇప్పుడే, ఆయన ముందే. నేను దొంగనని తెలిసి కూడా ఆర్కాడియా అన్న మాటకి అదే అర్థం రాసుకుంటాడేమో చూద్దాం. నన్ను ఆపకు."

"ఆపట్లేదు. ఆ చొక్కా గుండీ పెట్టుకుని వెళ్ళు. నేనూ వస్తా. సగం సిగ్గు నాది, వండింది నేను."

"నువ్వొద్దు."

"వస్తానన్నానా. ఉండు. కర్ర చప్పుడు."

లియాస్ గుమ్మం దగ్గర కర్ర ఆనించి, ఖాళీ కూజాతో లోపలికి వచ్చాడు.

"ఇంటివాళ్ళిద్దరూ ఇక్కడే కాపురం పెట్టారా? కూజా నింపమ్మా, స్తమాతా. మీ డెన్మార్కాయన పాటెత్తుకున్నాడు. గొంతు ఎండితే ఆగుతాడేమోనని చూశా గానీ ఆగేలా లేడు."

"బాబాయ్."

"కళ్ళేంటలా ఉన్నాయి? ఉల్లిపాయలా?"

"ఉల్లిపాయలే."

"మామా, నీకో మాట చెప్పాలి. అక్కడికి పద, అందరి ముందూ చెప్తా."

"చెబుదువులే. ముందు నేను చెప్పేది విను. ఎముక ఏం చెప్పిందని ఆయన నా ప్రాణం తీస్తుంటే చెప్పేశా. ఈ ఇంటికి ఏ భయమూ లేదన్నా. రాసుకున్నాడు. వాసో హాయిగా కంటుందమ్మా, నువ్వు నిశ్చింతగా ఉండు."

"బాబాయ్, నేను గుంట చూశా."

"చూశావా? కళ్ళు మా అన్నవే నీకు. ఉంది గుంట. కానీ ఈ ఇంటిది కాదు."

"మామా, నేను నీకు..."

"వద్దు, థిమియో. నువ్వు చెప్తే నేను వినాలి. విన్నాక నేనూ ఏదో ఒకటనాలి. అంటే అందరూ వింటారు. మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నప్పుడే తెలిసింది నాకు, నా గొర్రెల మేత రుచి నాకు తెలీదా?"

"తెలిసి కూడా తిన్నావా, మామా? తెలిసి కూడా నా గ్లాసులో వైను పోశావా?"

"అతిథి ముందు ఇంటాయన తల వంచుకుని కూచుంటే బావుంటుందా? ఆ వంచుకోవడమేదో తర్వాత వంచుకో, నేను లేనప్పుడు. కూజా ఇటియ్యమ్మా. ఇంకో సంగతి. రేపు నువ్వు పొద్దున్నే నా దొడ్డికి రా, థిమియో. ఒకటి ఎలాగూ నీ మందలోకి వచ్చేసింది, మిగతావాటిని కూడా తోలుకుపో."